ఎరువడగని ఇల్లు

మా ఇంట్లో ఎరువు అడిగే అలవాటు లేదు, వాడుకుని తిరిగిస్తామని ఒకరి వస్తువు తెచ్చుకోవడం లేదు. చాట చిరిగినా, జల్లెడ పోయినా మా ఆయన కొత్తది కొనేదాకా పని ఆపేవాడు గాని పక్కింటి గడప తొక్కేవాడు కాదు. ఆయన పోయాక ఆ పట్టుదల నాకు వచ్చింది.

యుద్ధం నడుస్తున్న రోజులు. ఆ ఏడు మా చేని రాగులు తూర్పారబడితే సగం గింజ పొట్టుతోపాటు ఎగిరిపోయింది. మిగిలినవి తిరగలిలో విసిరితే పిండి కంటే పొట్టే ఎక్కువ. మనవరాలు పంకజకు మూడో ఏడు వచ్చినా లేచి నిలబడలేదు. చింతామణి ఊళ్లో డాక్టరు చూసి, రోగమేమీ లేదు, తిండిలోనే బలం లేదన్నాడు. రోజూ రాగి అంబలే పోస్తున్నాం కదా అనుకున్నాను.

కోడలు కాంచన పెనుకొండ వైపు పిల్ల. ఎండాకాలంలో ఒక పొద్దున, "అత్తా, గొర్రెల ఆదెప్పను ఎరువు అడుగుదామా?" అంది.

"మీ పుట్టింట్లో అడుగుతారేమో. ఈ ఇంట్లో లేదు."

మూతి ముడుచుకుని లోపలికి పోయింది.

పది రోజులకు ఆదెప్పే మంచినీళ్లకు వచ్చాడు. "ఏమ్మా సులోచనమ్మా, చేనికి గొబ్బరం వద్దంటివంట? మీ కొట్టంలో పేడంతా పిడకలై పొయ్యిలోకి పోతాండాది. నువ్వు నేలకు పెట్టకుంటే అది నీ మనవరాలికి యాడనుంచి తెచ్చి పెడతాది?"

"గొబ్బరం వద్దని ఎవరన్యారప్పా?"

"నేనడిగింది అదే కదత్తా," అంది కాంచన తలుపు చాటు నుంచి. "మా తావ గొబ్బరాన్నే ఎరువంటారు."

ఆదెప్ప నీళ్లు పొలమారేలా నవ్వాడు. "అత్తాకోడళ్లకు ఒక్క మాట తెలిసేకి పది దినాలు పట్టె. రేపు మంద బాగేపల్లి దిక్కు పోతాండాదమ్మా."

"మూడు దినాలు మా చేన్లో నిలుపప్పా. నీకు సంగటి పెడతా."

"ఉలవచారు ఉంటాదా?"

"ఉంటాది."

మంద మూడు రోజులు మా చేన్లోనే పడుకుంది. ఆ తరువాత పిడకలు మానేసి పేడంతా గుంతలో వేశాం. పొయ్యిలోకి కంపే ఏరుకొచ్చాం.

ఆ పంటకు రాగి వెన్నులు పిడికిలి బిగించినట్టు వచ్చాయి. తూర్పారబడితే గింజ నా కాళ్ల దగ్గరే పడింది. కొత్త రాగుల సంగటి తిన్న రెండు నెలలకు, నేను విసురుతుంటే పంకజ తిరగలి పిడి పట్టుకుని లేచింది. పిడి తిరిగితే తానూ ఒక అడుగు వేసింది. నేను తిప్పడం ఆపలేదు.

మళ్లీ ఎండాకాలం ఆ పిల్లను వేలు పట్టించి నడిపించుకుంటూ ఆదెప్ప దగ్గరికి పోయాను.

"ఎరువు అడిగేకి వచ్చినానప్పా."

"ఏ ఎరువమ్మా? నీదా, కోడలిదా?"

"రెండూ," అన్నాను.