నొప్పి లేని పాదం

మా ఆయన లక్ష్మీనరసింహంగారి ఎడమ పాదం వాచి, ఎర్రబడి, ముట్టుకుంటే వేడిగా తగులుతుంటే నేనే పోరుపెట్టి విజయనగరం తీసుకెళ్లాను. "నొప్పే లేదంటే డాక్టరెందుకే?" అని బస్సులో దారంతా సణిగారు. ఆయనకు షుగరు ఏనాటి నుంచో ఉంది. డాక్టరు ఎక్స్‌రే చూసి తల పట్టుకున్నాడు. నరాలు చచ్చుబడ్డాయి కాబట్టి నొప్పి తెలియడం లేదట. లోపల ఎముకలు విరిగి, కీళ్లు జారిపోతున్నాయట. పిండికట్టు వేసి, ఎముకలు కుదురుకునేదాకా ఆ కాలు నేల మీద మోపొద్దన్నాడు. మోపితే పాదం వంకరైపోతుందని నన్ను పక్కకు పిలిచి మరీ చెప్పాడు.

అంతలో శ్రీరామనవమి దగ్గరపడింది. మా ఊరి రామాలయంలో మామగారి నాటి నుంచీ పూజ మా ఇంటిదే. గుడి ధర్మకర్త ధర్మారావుకు బొబ్బిలిలో కిరాణా వ్యాపారం. పరామర్శకని వచ్చి కట్టుకేసి చూశాడు.

"కట్టు తడవకూడదంటన్నారు. నిండా తానం సెయ్యకుండా గర్భగుడిలోకి ఎలాగొస్తారు పంతులుగారూ? మీ వల్ల కాకపోతే సెప్పండి, ఇంకొకర్ని సూస్తాం."

ఆ చివరి మాట చాలు. గుడి చేజారిపోతుందని మా ఆయనకు భయం పట్టుకుంది. నవమినాడు పొద్దున్నే నూతి దగ్గర కూర్చుని కత్తితో కట్టు కోసేసుకున్నారు. అడ్డం పడ్డాను, ఏడ్చాను, తిట్టాను. "నొప్పి లేదంటే నమ్మవేటే?" అని నా మీదే కసిరారు.

కళ్యాణం అయ్యేదాకా రాతి నేల మీద వట్టికాళ్లతో నిలబడ్డారు. వాపు అందరికీ కనబడుతూనే ఉంది. "అంత వాపులోనూ బాధే లేదంట! రామయ్య దయ సూడండి" అని పక్కింటి నారాయణమ్మ లెంపలు వేసుకుంది. ధర్మారావు అదే మాట మైకులో చెప్పించాడు. చచ్చిన నరాలను దయ అంటుంటే నా ఒళ్లు మండిపోయింది.

ఆ తర్వాతా ఆయన ఆగలేదు. రోజూ అదే కాలితో నిత్యపూజకు వెళ్లారు. ఆషాఢం వచ్చేసరికి మడమ పక్కకు ఒరిగిపోయింది. అరికాల్లో గుంట ఉండాల్సిన చోట ఎముక కిందికి పొడుచుకొచ్చింది.

అప్పుడు ధర్మారావు మళ్లీ వచ్చాడు.

"అంగలోపం ఉన్నోలు విగ్రహం తాకకూడదంటారమ్మా. శాస్త్రం నేను రాసింది కాదు కదా. కొత్త పూజారొస్తన్నాడు."

"ఆ లోపం ఎవరి పుణ్యమండీ?" అని అరిచాను. మా ఆయన నన్ను ఆపి, కుంటుకుంటూ లోపలికెళ్లి గుడి తాళాలు తెచ్చి ఇచ్చారు. ధర్మారావు వాటిని జేబులో వేసుకుని, అలవాటుగా ఆయన కాళ్లకు దణ్ణం పెట్టడానికి వంగాడు. ఆ పాదం చూసి చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.