ఉప్పక్క నాలుక

పదిహేడో ఆకు నాకి ఉప్పక్క మొహం చిట్లించింది. రేకు మగ్గులోని నీళ్లతో పుక్కిలించి ఉమ్మేసి, ఆ మొక్క కుండీని ఒడ్డు నుంచి నాలుగడుగులు లోపలికి జరిపింది. సముద్రపు ఒడ్డునున్న ఈ అడవిని జనం చూసే బొటానికల్ గార్డెన్‌గా మారుస్తున్నారు. ఏ మొక్క ఎక్కడ నాటాలో చెప్పడానికి ఆఫీసులో కాగితాలున్నాయి. ఆమెకు నాలుక ఉంది. నాటాల్సిన చోట ముందురోజే మొక్కల కుండీలు పెట్టించి, పొద్దున్నే ఆకు రుచి చూసి, గాలి ఎంత ఉప్పు మోసుకొచ్చిందో చెబుతుంది. అలా అందరికీ ఉప్పక్క అయిపోయింది, అసలు పేరు హాజరు పట్టీలో తప్ప ఇంకెక్కడా మిగల్లేదు.

పొట్టి మనిషి. ముప్పై ఏళ్లు నర్సరీల్లో వంగి వంగి నడుము అలాగే నిలిచిపోయింది. భర్త పోయాక ఇద్దరు కూతుళ్లనూ ఆ నారుమడుల మధ్యే పెంచింది. ఇవాళ్టితో అరవై నిండాయి, రేపట్నుంచి పనిలేదు. అందుకు ఆమెకు బాధ లేకపోలేదు గానీ, అసలు దిగులు ఒడ్డునున్న వంకర చెట్ల వరుస గురించి. వాటి మీద ఎర్ర గీతలు పడ్డాయి. గేటు దగ్గర్నుంచే సముద్రం కనబడాలని ఇంజనీరు రేపు కొట్టించేస్తున్నాడు.

"చివరిరోజు కూడా నాకుడేనా అక్కా?" అంటూ అతనే వచ్చాడు.

"ఇవాళ మీ వంతు సార్." వంకర చెట్టు ఆకు తెంపి అతని చేతిలో పెట్టింది. "నాకండి."

"నేనా?"

"విషమేం కాదులెండి. ఇన్నేళ్లు నాకాను, చచ్చానా?"

అతను నాలుక ఆనించాడు. మొహమంతా ముడుచుకుపోయింది. ఆ చెట్టు వెనక కొత్తగా నాటిన మొక్క ఆకు ఇచ్చింది. నాకాడు. నమ్మలేక మళ్లీ నాకాడు.

"చప్పగా ఉందే!"

"ఉప్పంతా ఈ వంకరోళ్లు తింటున్నారు మరి. వీళ్లను తీసేస్తే నెల తిరక్కుండా మీ మొక్కలన్నీ మాడిపోతాయి." మగ్గు అందించింది. "ఉప్పు తిన్నవాడు నీళ్లు తాగక తప్పదు, తాగండి."

అతను తాగి, చెట్ల వంకే చూస్తూ నిలబడ్డాడు. "మరి సముద్రం కనబడొద్దా?"

"నాలుగడుగులు నడిస్తే కనబడుతుంది. జనానికి కాళ్లున్నాయిగా."

మధ్యాహ్నానికి ఇంజనీరు ఎర్ర గీతలు కనబడకుండా సున్నం పూయించేశాడు. ఉప్పక్క కడుపు నిండిపోయింది. అన్నం డబ్బా సగం అలాగే ఉంచేసింది.

సాయంత్రం సంతకం పెట్టి, చేతులు కడుక్కుని గేటు దాటింది. వెనక్కి చూస్తే కాళ్లు కదలవని ఆమెకు తెలుసు, అందుకే చూడలేదు.

"అక్కా, మగ్గు మర్చిపోయారు!" లోపల్నుంచి ఇంజనీరు అరిచాడు.

"మర్చిపోలేదు సార్. రేపటి ఆకులు నాకాక నోరు దేంతో కడుక్కుంటారు?"

వంకర చెట్టు రెండు కొమ్మల సందులో, రోజూ ఉండే చోటే, గుక్కెడు నీళ్లతో రేకు మగ్గు కూర్చుని ఉంది.