ఎదుటి కుర్చీ

చొక్కా కాలరు మీద ఇస్త్రీ పెట్టె తిప్పుతూ ఆమె నీటి కాఠిన్యం గురించి పైకి చదువుకుంటోంది. పుస్తకం అలమారుకి ఆనించి ఉంది. పేజీ తిప్పాల్సి వచ్చినప్పుడల్లా పెట్టెను నిలబెట్టి వెళ్ళాలి. మరిచిపోతే చొక్కా కాలుతుంది. చొక్కా కాలితే ఆ కాఠిన్యం నీటిలోంచి మనిషిలోకి వస్తుంది.

ఆమె చదివింది కెమిస్ట్రీ. పెళ్ళయ్యాక ఆ చదువు మరకలు వదిలించడానికి తప్ప దేనికీ అక్కరకు రాలేదు. రేపు పొద్దున నీళ్ళు పరీక్షించే ల్యాబులో ఇంటర్వ్యూ. దరఖాస్తు పెడతానన్న రోజున ఆయన "పెట్టుకో, పోయేదేముంది" అన్నాడు. ఎలాగూ రానిదానికి అడ్డు చెప్పడమెందుకన్న ఔదార్యం అది. పిలుపు వచ్చాక మాత్రం కాస్త కంగారుపడ్డాడు. కంగారుపడ్డ మగవాడు ఊరికే ఉండలేడు, సాయం చేస్తాడు.

"ఆఫీసులో ఎంతమందిని ఇంటర్వ్యూ చేశానో నీకు తెలీదు. ఆ ఇస్త్రీ తర్వాత చూద్దువులే. కూర్చో, ప్రాక్టీసు చేయిస్తా."

భోజనాల బల్లకి అటు ఆయన, ఇటు ఆమె. కిటికీ పక్కన అత్తగారు బఠాణీలు ఒలుస్తోంది.

"మీ గురించి చెప్పండి" అన్నాడు గొంతు మార్చి. ఇన్నేళ్ళ కాపురంలో ఆయన ఆమెను మీరు అనడం అదే మొదలు.

"నేను కెమిస్ట్రీలో డిగ్రీ..."

"ఒక్క నిమిషం. మంచినీళ్ళియ్యి."

అభ్యర్థి లేచి మంచినీళ్ళు తెచ్చి, మళ్ళీ కూర్చుంది. తర్వాత ఇంటర్వ్యూ బోర్డుకి ఫోను చార్జరు కావలసి వచ్చింది. ఆ తర్వాత ఫ్యాను కొంచెం తగ్గించాల్సి వచ్చింది.

"సరే. చదువయ్యాక ఇన్నేళ్ళూ ఏం చేశారు?"

"ఖాళీగా ఉన్నానండీ."

ఆ మాట తనంతట తానే వచ్చేసింది. ఇల్లంతా నేర్పిన మాటే మరి. నువ్వెలాగూ ఖాళీయేగా వదినా, మా దాని స్కూలు బొమ్మలు వేసిపెట్టవూ అనేది ఆడపడుచు. ఖాళీగా కూర్చుని ఒళ్ళు చేశావే అన్నది పెళ్ళిలో కనబడ్డ పెద్దమ్మ. ఖాళీయేగా, ఒకసారి బ్యాంకుకెళ్ళి రా అంటాడు ఈయన. వినగా వినగా అది ఇంటిపేరులా అతుక్కుపోయింది. మామగారు మంచాన పడినప్పుడు వీపు పుండు పడకుండా పక్కకి తిప్పుతూ, మందు చుక్కలు లెక్కపెడుతూ, ఆయనకి రుచించేలా ఉప్పు లేకుండా వండుతూ ఉన్నప్పుడు కూడా ఎవరైనా ఫోన్ చేసి ఏం చేస్తున్నావంటే ఏమీ లేదనే చెప్పేది. నిజంగా ఏమీ లేదనే అనుకునేది, అదీ విచిత్రం.

బఠాణీల చప్పుడు ఆగింది.

"ఎప్పుడమ్మాయ్ ఖాళీగా ఉన్నావ్?" అంది అత్తగారు. "నాకు చెప్పనేలేదే."

"అమ్మా, ఇంటర్వ్యూ మధ్యలో బయటివాళ్ళు మాట్లాడకూడదు."

"బయటిదాన్నేమిట్రా, ఇందాకట్నుంచీ బోర్డులోనే కూర్చున్నాను."

ఆయన గ్లాసుని అటూ ఇటూ తిప్పాడు. తర్వాత అడిగాడు: "నువ్వు ఉద్యోగానికెళితే మరి ఇల్లెవరు చూస్తారు?"

ఈసారి గొంతు మార్చడం మరిచిపోయాడు. ఆమె ఆయన ముఖంలోకి చూసింది. ఇంతసేపూ జరిగిన ప్రాక్టీసంతా ఈ ఒక్క ప్రశ్న కోసమేనని అర్థమైంది. పాపం, అడగడానికి ఆయనకి బల్ల, కుర్చీ, కొత్త గొంతు కావలసి వచ్చాయి. ఆమెకు కోపం రావాలి. నవ్వొచ్చింది.

"ఆ ప్రశ్నకి జవాబు మీ దగ్గరుండాలండీ. లేచి ఇటు రండి."

కుర్చీలు మారాయి.

"ఇంట్లో ఒక పోస్టు ఖాళీ అవుతోంది" అంది ఆమె. "మీకున్న అనుభవం చెప్పండి."

"అనుభవమంటే... చిన్నప్పట్నుంచీ ఇంట్లోనే ఉంటున్నాను."

"మన పాప చెప్పుల సైజెంత?"

"కొట్లో కాలు పెట్టి చూస్తారుగా."

"పాలు విరిగితే?"

"నీకు చెప్తాను."

"బట్టల మెషీనులో సబ్బుపొడి ఎక్కడ పోస్తారు?" ఇది అత్తగారు.

"లోపలే" అన్నాడు. తల్లి ముఖం చూసి, "పైన" అన్నాడు. చివరికి ఓడిపోయిన అభ్యర్థులందరూ అనే మాటే అన్నాడు. "నేర్చుకుంటానండీ."

ముగ్గురూ నవ్వారు. ఆ నవ్వుకి గదిలో గాలి కాస్త తేలికపడింది.

"ఇంతకీ నన్ను తీసుకున్నట్టేనా?"

"తప్పుతుందా, వేరే ఎవరూ దరఖాస్తు పెట్టలేదుగా" అంది అత్తగారు. అని, బఠాణీల గిన్నె తెచ్చి కొడుకు ముందు పెట్టింది.

ఆమె పుస్తకం తీసుకుంది. పక్క గదిలోకి వెళ్ళి తలుపు వేసుకుని చదువుకోవాలనుకుంది. వంట మాట గుర్తొచ్చింది. దాన్ని రానిచ్చింది కానీ కూర్చోమనలేదు.

"ఏమోయ్" అన్నాడాయన వెనకనుంచి. ఒలవడం చేతకాక ఒక కాయను నలిపేశాడు. గొంతులో చిన్న ఆశ. "ఒకవేళ రేపు నీకా ఉద్యోగం రాకపోతే?"

"ఇంకోచోట పెడతాను" అంది ఆమె, తలుపు మీద చెయ్యి వేసి. "నాకు రావచ్చు, రాకపోవచ్చు. మీకు మాత్రం వచ్చేసిందండీ."