నడుమ పాఠం

మా కాలేజీలో స్పెషల్ బ్యాచ్ గదికి కిటికీలున్నాయి కానీ గాలి రాదు. ర్యాంకులు వచ్చినవాళ్ళ ఫ్లెక్సీలు వాటికి అడ్డంగా కట్టేశారు. నవ్వుతున్న ఆ మొహాల వెనక నుంచి సిరిసిల్ల మగ్గాల చప్పుడు మాత్రం లోపలికి వస్తుంది. ఈ గదిలో నేనూ పూజా ఒక జంట.

జంటల పద్ధతి శ్యాంసుందర్ సారు తెచ్చారు. పిల్లలు స్నేహంగా పోటీ పడాలట. ఇద్దరి మార్కులూ కలిపి చూస్తారు. అందరికంటే తక్కువ వచ్చిన జంట బ్యాచ్‌లోంచి బయటికి. వేసవి కోచింగ్ మాత్రం ఇద్దరిలో ఎక్కువ వచ్చినవాళ్ళకే. అంటే పూజకు నేను చెప్పకపోతే ఇద్దరం మునుగుతాం, బాగా చెప్తే నన్ను దాటిపోతుంది. ఇందులో స్నేహం ఎక్కడుందో సారుకే తెలియాలి. నాకైతే ఊపిరాడేది కాదు. బ్యాచ్ పోతే చదువు మాన్పించి తన పక్కన కూర్చోబెట్టుకుంటానని అమ్మ ముందే చెప్పింది.

అమ్మ పక్కన కూర్చోవడమంటే అచ్చు అతకడం. మగ్గం మీద పాత నూలు అయిపోవచ్చినప్పుడు, కొత్త పోగులను ఒక్కొక్కటే పాతవాటికి అతకాలి. అమ్మ ఒక కొస నుంచి, బాలమణి పెద్దమ్మ ఇంకో కొస నుంచి మొదలుపెడతారు. ఒకరినొకరు ఎగతాళి చేసుకుంటూ పోటీ పడి నడుమకు వస్తారు. ముందు చేరినామె చేతులు ఆపేస్తుంది. చివరి పిడికెడు పోగులు రెండో ఆమెకు వదిలేస్తుంది. వెనకబడినామె చేత్తోనే పని ముగియాలి. అది వాళ్ళ మర్యాద.

తంగళ్ళపల్లి అవతల పూజ వాళ్ళింట్లోనూ అదే పని. అందుకే ఫిజిక్స్ పుస్తకాన్ని అచ్చులాగే పంచుకున్నాం. మొదటి పాఠం నుంచి నేను, చివరి పాఠం నుంచి తను. చదివింది సాయంత్రం బస్టాండులో ఒకరికొకరం చెప్పుకునేవాళ్ళం. ఎవరు ఎక్కడిదాకా వచ్చారో గర్వంగా చూపించుకునేవాళ్ళం. నిజం చెప్పాలంటే ఆ బస్టాండులోనే నాకు గాలి అందేది.

పరీక్ష ముందు సాయంత్రానికి నడుమ పాఠం ఒక్కటే మిగిలింది, భ్రమణ గతి. పూజ మొదలుపెడుతుందని నేను చూస్తున్నాను. తను నా మొహం చూస్తోంది.

"చెప్పు మరి," అన్నాను.

"నువ్వు చెప్పాలె గద. నేనే ముందుగాల అచ్చిననుకొని నీకు ఇడిచిపెట్టిన."

నేనూ తనకే వదిలాను. ఆఖరి రోజు ఎవరికి వాళ్ళం మేమే ముందు చేరామనుకున్నాం. అచ్చు దగ్గరైతే అతకని పోగులు కళ్ళకు కనిపిస్తాయి. పుస్తకంలో ఏం కనిపిస్తుంది? ఇద్దరికీ నవ్వొచ్చింది, ఆ వెంటనే భయమేసింది. అంతలో పూజ బస్సు వచ్చేసింది. ఆ రాత్రి ఎవరింట్లో వాళ్ళం తిరగేసినా, ఇద్దరికీ ఎక్కలేదు.

పరీక్షలో రెండు పెద్ద ప్రశ్నలు ఆ పాఠంలోవే. మా జంట అట్టడుగున పడింది.

సారు మమ్మల్ని నిలబెట్టారు. అమ్మ పక్కన నాకోసం వేసిన పీట కళ్ళముందు కదిలింది. కానీ సారు నన్ను కూర్చోమన్నారు. పూజకంటే నాకు కొంచెం ఎక్కువ వచ్చాయట, నాలాంటి పిల్లను వదులుకోలేరట, రేపటి నుంచి బ్యాచ్‌లో జంట లేకుండా ఉన్న స్వరూపతో నేనట. పూజ మాత్రం సంచి తీసుకోవాలట. ఇద్దరివీ కలిపే చూస్తామన్నారు కదా సార్ అని అడగాలనుకున్నాను. అడక్కుండానే కూర్చున్నాను. బతికిపోయానని లోపల సంతోషంగా ఉంది. ఆ సంతోషాన్ని చూసి నాకే అసహ్యం వేసింది.

పూజ సంచి సర్దుకుని నా చెవి దగ్గరికి వంగింది.

"స్వప్నా, నడుమ పాఠం నిన్న కూసొని సదివిన. గిప్పుడు మంచిగ సమజైంది. పొద్దుమీకి బస్టాండుకు రా, నీకు చెప్త."

వస్తానని తలూపాను. తను గడప దాటగానే సారు తలుపు వేయించి, ఈ రోజు నుంచి స్పెషల్ బ్యాచ్‌కు సాయంత్రం కూడా క్లాసులని చెప్పారు. పూజ వాళ్ళ ఊరికి ఆఖరి బస్సు ఐదున్నరకు. మా తలుపు ఆరింటికి గానీ తెరవరు.