నాలుగో పాత్రలో తగ్గిన చక్కెర

చక్కెర ఫ్యాక్టరీలో ఎవాపరేటర్ల విభాగానికి బావగారే పెద్ద. ఆయన భార్య చెల్లెలు, ఇంట్లో అందరూ పిట్ట అని పిలిచే పిల్ల, అదే ఫ్యాక్టరీలో ఇంజనీరుగా చేరింది. ఆయన పెళ్లినాటికి పిట్ట ఇంకా పలక పట్టుకుని తిరిగేది. అందుకే ఆమె ఉద్యోగంలో చేరిన రోజున కనబడిన వాళ్లనల్లా ఆపి "మా మరదలు" అని చెప్పుకున్నాడు. డ్యూటీలో మాత్రం ఆమె సార్ అనేది, ఈయన మేడమ్ అనేవాడు. ఇద్దరికీ నవ్వాగేది కాదు.

ఆయన చేతికింద నాలుగు పెద్ద పాత్రలు వరసగా ఉండేవి. బాయిలరు ఆవిరి మొదటిదానికే ఇస్తారు. అందులో మరిగే చెరకు రసం నుంచి లేచిన ఆవిరి రెండోదాన్ని మరిగిస్తుంది, దాని ఆవిరి మూడోదాన్ని. నాలుగోదాంట్లో గాలి లాగేస్తారు కాబట్టి కొద్దిపాటి వేడికే కుతకుతలాడుతుంది. పలచటి రసం ఈ కొసన వెళ్లి, చిక్కటి పాకమై ఆ కొసన వస్తుంది. ఒకసారి ఇచ్చిన వేడి అన్నిసార్లు పనికిరావడం ఆయనకు ఇన్నేళ్లయినా ముచ్చటే.

పిట్టకు అప్పగించిన మొదటి పని ఆ పాత్రల లెక్క కట్టడం. లోపలికెళ్లిన నీరు, చక్కెర, వేడి ఎంతో, బయటికొచ్చినవీ అంతే ఉండాలి. వేడి సరిపోయింది. నీరూ సరిపోయింది. చక్కెరే తగ్గింది. మీటర్లు మార్చి కొలిచినా అంతే. చివరికి నాలుగో పాత్ర ఆవిరి చల్లబడి కలిసే నీళ్లను పరీక్ష చేయిస్తే, అందులో చక్కెర ఉంది.

మీటింగులో చెప్పేలోపు బావ చెవిన వేయాలని ఆ సాయంత్రం వాళ్లింటికి వచ్చింది. అక్క టీ పెడుతుంటే నసుగుతూ మొదలుపెట్టింది.

"బావా, నాలుగోదాంట్లో రసం తుంపర్లు ఆవిరితో కొట్టుకుపోతున్నాయి. మట్టం ఎక్కువ పెడుతున్నావేమో."

బావగారి మొహం చిన్నబోయింది. "నువ్వు పలక పట్టకముందు నుంచీ నేనక్కడున్నాను" అని, టీ ముట్టకుండా గదిలోకి వెళ్లిపోయాడు.

అక్క నలిగిపోయింది. అంకెలు కాస్త అటూ ఇటూ చేయడానికి కుదరదా అని చెల్లెల్ని గొంతు తగ్గించి అడిగింది. కుదరదంది పిట్ట, ముక్కు చీదుకుంటూ. గదిలో ఆయనకు అంతా వినబడుతూనే ఉంది. ఈ పిల్ల ఎప్పుడూ ఇంతే. ఎక్కాలు నేర్పేటప్పుడు ఆటపట్టించడానికి ఏడెనిమిదులు యాభై నాలుగంటే, చాక్లెట్ ఆశపెట్టినా ఒప్పుకునేది కాదు. కోపంగా ఉందామనుకున్నవాడికి లోలోపల నవ్వొచ్చింది.

మర్నాడు ఎవరికీ చెప్పకుండా మట్టం తగ్గించి, నీళ్లు పరీక్షకు పంపాడు. చక్కెర అలాగే ఉంది. అంటే తప్పు మట్టానిది కాదు. మనసు తేలికపడినా, చక్కెర ఎలా పోతోందన్న దిగులు మొదలైంది. పాత్రలు కడిగే రోజున పై మూత విప్పించి, లోపలికి టార్చి వేశాడు. తుంపర్లను ఆపాల్సిన రేకుల్ని తుప్పు తినేసి, తల పట్టేంత కన్నం పడి ఉంది. ఎప్పుడు కడిగినా కింది గొట్టాలే చూసుకున్నాడు గానీ, పైన తొంగి చూసిందే లేదు.

పిట్టను పిలిపించాడు. ఆమె ఆయాసపడుతూ మెట్లెక్కొచ్చి, ఆయన భుజం మీదుగా లోపలికి చూసింది.

"నువ్వన్నది నిజమే పిట్టా. మట్టం సంగతి తప్ప."

"మట్టం గురించి అలా అనకుండా ఉండాల్సింది బావా."

"అనాలి. అనకపోతే నేను మూత విప్పేవాణ్నా?"

మీటింగులో ఆమె నోరు తెరిచేలోపే ఆయన లేచాడు. రేకులు చూసుకోకపోవడం తన పొరపాటేనని, మరదలు లెక్క పట్టుకోబట్టే బయటపడిందని చెప్పాడు. మేడమ్ అనాల్సింది మరదలనేశానని కూర్చున్నాక గానీ తట్టలేదు.

కొత్త రేకులు వేశాక చక్కెర లెక్క దాదాపు సరిపోయింది. ఆ ఆదివారం పిట్ట భోజనానికి వచ్చింది. ఇంట్లో ఇంకోసారి ఆవిరి మాటెత్తితే ఇద్దరికీ తిండి పెట్టనని అక్క ముందే హెచ్చరించింది. ఇద్దరూ బుద్ధిగా తలూపారు. ఆమె వంటింట్లోకి వెళ్లగానే మూడో పాత్ర గురించి గుసగుసలు మొదలయ్యాయి.