చెయ్యి అందని సీటు

ఆమెకు అన్నిటికన్నా పెద్ద భయం ఒకటే. పాప గొంతులో ఏదో అడ్డం పడిన క్షణాన తన చెయ్యి పాప దాకా అందకపోవడం. పాములూ, చీకటీ, ఉరుములూ ఈ భయం ముందు పసిపిల్లలు.

ఆ భయం ఊరికే రాలేదు. తొమ్మిదో తరగతి మధ్యలో బడి మానిపించాక ఆమె కుట్టుపని నేర్చుకుంది, పెళ్ళయ్యాక ఇంట్లోనే మిషన్ పెట్టుకుంది. ఓ రోజు మిషన్ కింద దొర్లిన చొక్కా బొత్తాం ఒకటి పాప నోట్లో పెట్టుకుంది. ఏడుపు లేదు, దగ్గు లేదు, పెదాలు మాత్రం నీలంగా మారాయి. ఆమె కూర్చున్నచోటి నుంచే చెయ్యి చాచి పాపను లాక్కుని, ఒళ్ళో బోర్లా వేసుకుని వీపు మీద చరిచింది. బొత్తాం నేల మీద పడి గుండ్రంగా తిరిగింది. రెప్పపాటులో అంతా అయిపోయింది. ఆ రోజు నుంచి నాయనమ్మ మనవరాలిని ‘బొత్తాం’ అనే పిలుస్తోంది.

“పేరు పెట్టి నవ్వుకుంటే భయం సగం చస్తుందే అమ్మాయ్” అంటుంది ఆవిడ.

కోడలికి మాత్రం చావలేదు. ఆ రోజు చెయ్యి అందింది కాబట్టి సరిపోయింది. అందకపోతే?

అలాంటి మనిషి ఇంట్లో కారు కొనే మాట వచ్చింది.

ఆమె భర్త లిఫ్టు మెకానిక్. ఎక్కడ లిఫ్టు ఆగిపోతే అక్కడికి మోటారుసైకిలు మీద పరిగెత్తాలి. కాబట్టి ఇంటి అవసరాలకు కారు తిప్పాల్సింది ఆమే. అడిగి తెచ్చిన పాత కారు మీద నడపడం నేర్పింది అత్తగారు. అత్తగారంటే మామూలు మనిషి కాదు, ఉద్యోగం చేసినన్నాళ్ళూ బడి బస్సు నడిపింది. పొట్టి మనిషి, సీటు మీద దిండు వేసుకుని కూర్చునేది. ఆవిడ బస్సులో బడికి వెళ్ళిన పిల్లలు ఇప్పుడు మీసాలొచ్చిన మగవాళ్ళు. అయినా వీధిలో ఆవిడ ఎదురైతే కారు కిటికీ మీంచి మోచెయ్యి లోపలికి తీసుకుంటారు. కోడలికి అత్తగారంటే భయం కన్నా అబ్బురం ఎక్కువ. అంత పెద్ద బండిని, అంతమంది పిల్లలతో, ఈవిడ గుండె దడ లేకుండా ఎలా నడిపిందా అని.

కారు విషయంలో ఇంట్లో రెండు పార్టీలు తయారయ్యాయి.

“సెడానే కొనాలి” అన్నాడు భర్త. “ముందు ముక్కు, మధ్యలో నడుము, వెనక డిక్కీ. చూస్తే కారని తెలియాలి. హ్యాచ్‌బ్యాకా? అది తోక తెగిన బల్లి.”

“తోక తెగినా బల్లి గోడ ఎక్కుతుందిరా” అంది అత్తగారు. “మన సందులో మలుపు తిప్పాలంటే నీ తోక పక్కింటి గేటుకి తగులుతుంది.”

“సామాన్లు ఎక్కడ పెడతావమ్మా? పాప బండి, బట్టల సంచులు, నీ దిండు.”

“నా దిండు జోలికి రాకు.”

“నువ్వు చెప్పు” అని భార్య వైపు తిరిగాడు. “నీకేది కావాలి?”

ఆమె మెడలో వేలాడుతున్న కొలత టేపును వేలికి చుట్టుకుంటూ, “నాకు ముందు సీటు నుంచి వెనక సీటు దాకా చెయ్యి అందేది కావాలండీ” అంది.

భర్త తల్లి వైపు చూశాడు. అత్తగారు మాత్రం కోడలిని కాసేపు అలాగే చూసింది. ఆవిడ అలా చూసిందంటే మనసులో ఏదో బండి స్టార్టయినట్టే.

షోరూముకి వెళ్ళే రోజు ఇల్లంతా పెళ్ళికి బయల్దేరినట్టు ఉంది. అందరికన్నా ముందు తయారైంది అత్తగారు. ఇస్త్రీ చీర కట్టుకుని, షుగరు మాత్ర మింగి, గుమ్మంలో నిలబడింది.

“మాత్ర వేసుకున్నారు, ఏమైనా తిన్నారా అత్తయ్యా?”

“వచ్చాక తింటాలే. కారు చూస్తే ఆకలి దానంతటదే తీరుతుంది. పద పద.”

షోరూములో నేల అద్దంలా మెరుస్తోంది. సెడాన్‌ను సరిగ్గా దీపాల కింద నిలబెట్టారు. ఆమె అన్ని సంగతులూ మరిచిపోయి ఒక్క క్షణం అలా నిలబడిపోయింది. కుట్టుపని చేసే కళ్ళు కదా, వాటికి ముందు కనిపించేది కుట్టే. ముందు దీపం దగ్గర మొదలైన గీత తలుపుల మీదుగా వెనక దీపం దాకా ఒక్క ముడి పడకుండా సాగింది, ఒకే దారంతో కుట్టినట్టు. పైకప్పు నడిమి నుంచి వెనక్కి జారిన తీరు చూస్తే, మంచి బట్టను భుజం మీంచి వదిలితే ఎలా జారుతుందో అలా ఉంది. తలుపుకీ తలుపుకీ మధ్య సందు ఎక్కడ చూసినా ఒకటే వెడల్పు. ఎవరు కత్తిరించారో గాని, వాళ్ళ చేతికి దండం పెట్టాలనిపించింది.

“చూశావా?” అన్నాడు భర్త, ఆ కారును తనే కన్నట్టు.

“బాగుందండీ. నిజంగా చాలా బాగుంది.”

పక్కన నిలబడ్డ హ్యాచ్‌బ్యాక్ పాపం పొట్టిగా, గుండ్రంగా, స్కూలు సంచీ తగిలించుకున్న పిల్లలా ఉంది. వెనక తలుపు పైకెత్తితే లోపలంతా ఒకే గది. సీటు మడిస్తే మిషన్ కూడా పట్టేటట్టుంది. అందం అనలేం గాని, ఎదురుగా నిలబడితే పలకరించాలనిపిస్తుంది.

సేల్స్ ఆయన మెడకు టై బిగించుకుని వచ్చాడు. డిక్కీలో ఎన్ని పెట్టెలు పడతాయో, గాలి ఎన్ని వైపుల నుంచి వస్తుందో గుక్క తిప్పుకోకుండా చెప్పుకుపోతున్నాడు. ఆమె అంతా విని, మెడలోంచి టేపు తీసి, ముందు సీట్లో కూర్చుని, వెనక్కి చెయ్యి చాచింది.

“మేడమ్, ఏం కొలుస్తున్నారు?”

“నా చేతిని.”

సేల్స్ ఆయన ఉద్యోగంలో చాలా చూసి ఉంటాడు, ఇది మాత్రం చూసి ఉండడు. సెడాన్‌లో పాప సీటు ఉండే చోటికి చెయ్యి జానెడు తక్కువైంది. హ్యాచ్‌బ్యాక్‌లో నాలుగు వేళ్ళు తక్కువైంది. ఆమె ముఖంలో వెలుగు వచ్చింది. నాలుగు వేళ్ళే కదా, ఒళ్ళు సాగదీస్తే అందుతుంది.

“చూశారా అత్తయ్యా?”

“చూశాలే. కొలత నిలబడ్డ బండిలో తీశావు. నడిచే బండిలో తీద్దాం పద.”

పాపను తండ్రి దగ్గర వదిలారు. ముందు సెడాన్. ఆమె స్టీరింగ్ పట్టుకుంది, పక్కన సేల్స్ ఆయన, వెనక సరిగ్గా పాప సీటు ఉండే చోట అత్తగారు. బండి పాల మీద మీగడలా సాగింది. గతుకులు వస్తున్నాయి, పోతున్నాయి, ఒంటికి తెలియడం లేదు. ఆమెకు నడుపుతున్న తన చేతుల మీద తనకే గౌరవం వచ్చింది.

ఉన్నట్టుండి వెనక నుంచి ‘ఖక్’ మని వినిపించింది.

ఆమె ఆలోచించలేదు. నడుం తిప్పింది, కుడి చెయ్యి స్టీరింగ్ మీద ఉంచి రెండోది వెనక్కి చాచింది. బండి తన దారి తను చూసుకుంది. “మేడమ్, మేడమ్, ముందు లారీ” అని సేల్స్ ఆయన తలుపు పిడిని రెండు చేతులా కౌగలించుకున్నాడు. ఎలాగో బండి పక్కకు తెచ్చి ఆపింది.

వెనక సీట్లో అత్తగారు రాయిలా కూర్చుని ఉంది.

“నాకేం కాలేదు. ఊరికే దగ్గాను.”

“అత్తయ్యా, ప్రాణం పోయింది.”

“ఇంకాస్తుంటే నిజంగానే పోయేది, నీదీ నాదీ ఈయనదీ. ఈయనకి పెళ్ళయిందో లేదో.”

“అయిందండీ” అన్నాడు సేల్స్ ఆయన నీరసంగా.

అత్తగారు ముందుకు వంగింది. గొంతు తగ్గించింది. “అమ్మాయ్, నా బస్సులో చివరి సీటు నాకెంత దూరమో తెలుసుగా. నా చెయ్యి ఏనాడూ అక్కడికి అందలేదు. చెవి అందేది. వెనక గోల ఉన్నంతసేపూ నిశ్చింతగా నడిపేదాన్ని. గోల ఆగిందా, బండి ఆపేదాన్ని. లేచి వెళ్ళి చూసేదాన్ని. నీ చెయ్యి అందాల్సింది పిల్లకి కాదే, బ్రేకుకి. ఆపు, దిగు, తలుపు తియ్యి. ఏదీ, తీసి చూపించు.”

ఆమె దిగి, వెనక తలుపు తీసి, అత్తగారి వైపు గబుక్కున వంగింది. ఠప్పుమని నుదురు పైకప్పుకు కొట్టుకుంది. ఇందాక మురిసిపోయిన ఆ జారుడు అందమే, సరిగ్గా ఆ చోటే.

“పైన పటారం” అంది అత్తగారు. “తప్పు బండిది కాదులే. అది చూసుకోవడానికి పుట్టింది.”

తిరిగి వచ్చేసరికి భర్త పాపను ఎత్తుకుని సెడాన్ కోసమే ఎదురుచూస్తున్నాడు. భార్య నుదుటి మీద బొప్పి చూసి అడగబోయి, తల్లి ముఖం చూసి మానేశాడు. బొత్తాం మాత్రం తన వేలు తెచ్చి అమ్మ బొప్పి మీద మీట నొక్కినట్టు నొక్కింది.

తర్వాత హ్యాచ్‌బ్యాక్. ఈసారి ఇరుకు వీధుల్లోకి పొమ్మంది అత్తగారు. పొట్టి బండి చేప పిల్లలా సందుల్లోకి దూరింది. సెడాన్‌లా మీగడ మీద నడక కాదిది, ప్రతి గతుకూ పేరు చెప్పి మరీ పలకరిస్తోంది. అత్తగారు వెనక నుంచి ఆగకుండా మాట్లాడుతూనే ఉంది. గేరు గట్టిగా ఉందనీ, కిటికీ కిందికి ఉంది కాబట్టి పిల్లకు వీధి కనిపిస్తుందనీ, ఎదురుగా వచ్చే స్కూటరు వాడికి కళ్ళు నెత్తిన ఉన్నాయనీ.

కూరగాయల కొట్టు దాటారు. మందుల షాపు దాటారు. సేల్స్ ఆయన ఈ బండి ఎంత తక్కువ పెట్రోలు తాగుతుందో చెబుతున్నాడు.

ఆమెకు ఏదో తక్కువైనట్టు అనిపించింది. ‘ఖక్’ మనే చప్పుడు కోసం చెవి పెట్టి ఉంది, అది రాలేదు. ఏ చప్పుడూ రావడం లేదు. అత్తగారి మాట ఎక్కడ ఆగింది? కొట్టు దగ్గరా, షాపు దగ్గరా?

“అత్తయ్యా?”

జవాబు లేదు.

చెయ్యి వెనక్కి వెళ్ళబోయింది. వెళ్ళనివ్వలేదు. అద్దం చూసుకుంది, ఇండికేటర్ వేసింది, ఆగి ఉన్న వ్యానుకీ కరెంటు స్తంభానికీ మధ్య కాస్త ఖాళీ ఉంటే పొట్టి బండిని అందులోకి దూర్చి ఆపింది. దిగింది. తలుపు తీసింది. తల దేనికీ తగల్లేదు. నిటారుగా ఉన్న తలుపులోంచి నేరుగా అత్తగారి దగ్గరికి వెళ్ళింది.

అత్తగారి ముఖమంతా చెమట. రవిక తడిసిపోయింది. కళ్ళు తెరిచే ఉన్నాయి గాని కోడలిని చూడడం లేదు.

“పిల్లలందరూ దిగారా?” అంది ఆవిడ. “చివరి సీట్లో ఒకడు నిద్రపోతుంటాడు, చూడు.”

ఆమెకు తెలిసిపోయింది. ఇది పరీక్ష కాదు. మాత్ర మింగింది, ఏమీ తినలేదు, షుగరు పడిపోయింది. పాప కోసం ఎప్పుడూ మోసే సంచిలో చెయ్యి పెట్టి పండ్లరసం డబ్బా బయటికి లాగింది.

“అత్తయ్యా, నా వైపు చూడండి. మింగగలరా? కొంచెం, ముందు కొంచెం. ఆఁ, మింగారు. ఇంకొంచెం.”

పాపకు పట్టినట్టే పట్టింది. గొంతు కదలడం కళ్ళతో చూసి గాని రెండో గుక్క ఇవ్వలేదు. ఆ భయంతోనే ఇన్నాళ్ళూ వేగింది, ఈరోజు ఆ భయమే పనికొచ్చింది. సేల్స్ ఆయన బండి గుణగణాలు అచ్చువేసిన రంగుల కాగితంతో విసిరాడు. ఆ కాగితం అంతకన్నా మంచి పనికి ఏనాడూ వచ్చి ఉండదు.

మెల్లగా చెమట ఆరింది. కళ్ళు వెనక్కి వచ్చాయి. అత్తగారు కోడలిని, డబ్బాను, విసురుతున్న పెద్దమనిషిని వరసగా చూసింది.

“ఇదెవరు తాగారు?”

“మీరే అత్తయ్యా.”

“బొత్తాం రసం తాగేశానా.” ఖాళీ డబ్బాను ఊపి చూసింది. తర్వాత చెప్పింది, “మొదటి పరీక్ష నేను పెట్టాను. రెండోది నేను పెట్టలేదే.”

“తెలుసు.”

“ఎలా తెలిసింది నీకు?”

“మీరు మాట్లాడ్డం ఆపేశారు.”

అత్తగారు కోడలి చెయ్యి పట్టుకుంది. ఎంతోమంది పిల్లల్ని ఇళ్ళకు చేర్చిన చెయ్యి అది. “నా బస్సు నీకు ఇచ్చేదాన్ని” అంది. ఆవిడ నోటి వెంట అంతకు మించిన మెప్పు ఎవరూ వినలేదు, కొడుకుతో సహా.

ఆ తర్వాత సెడానా, హ్యాచ్‌బ్యాకా అనే మాట ఎవరూ ఎత్తలేదు. భర్త జరిగింది విని, తల్లి పక్కన కూర్చుని, చాలాసేపు ఆవిడ అరచెయ్యి రుద్దుతూ ఉండిపోయాడు. బయటికి వచ్చేటప్పుడు మాత్రం సెడాన్ దగ్గర ఆగి, వెళ్ళొస్తానన్నట్టు దాని వీపు మీద ఒకసారి చెయ్యి వేశాడు. ఆమె కూడా ఆ గీతను చివరి దాకా మరోసారి చూసుకుంది. అందమైనదాన్ని ఇంటికి తెచ్చుకోకపోయినా అది అందంగానే ఉంటుంది.

ఇప్పుడు ఆ తోక తెగిన బల్లి వాళ్ళ గుమ్మం ముందు ఉంటుంది. దాన్ని రోజూ తుడిచేది భర్తే, ఇంకెవర్నీ తుడవనివ్వడు. ఆమె భయం పూర్తిగా పోయిందంటే అబద్ధం. కానీ చెయ్యి వెనక్కి చాచడం మానేసింది. ప్రతి మలుపు దగ్గరా పిలుస్తుంది.

“బొత్తాం?”

“ఊ.”

“అత్తయ్యా?”

“ఉన్నానే, తిన్నానే, నువ్వు రోడ్డు చూడు.”

మీ ఇంట్లోనూ అలాంటి మనిషి ఒకరు ఉండే ఉంటారు. అందరికీ కాపలా కాస్తూ వెనక సీట్లో కూర్చునే మనిషి. ఈ కథ చదువుతున్నంతసేపూ ఆ మనిషి గొంతు మీకు వినిపించిందా? వినిపించకపోతే దీన్ని పక్కన పెట్టి, లేచి, ఒక్కసారి వెళ్ళి చూసి రండి. ఏమైనా తిన్నారో లేదో అడగండి.