ఊదారంగు మందు

నేను అన్నిటికంటే ఎక్కువగా భయపడేది నా కూతురికి ఏదో అవుతుందని కాదు, నా కూతురు ఇంకొకరిని ఏదో చేస్తుందని. దానికి నాలుగేళ్లు. నవ్వితే ఎడమ బుగ్గ మీద సొట్ట పడుతుంది. ఆ సొట్ట మీద ముద్దు పెట్టబోయి ఈమధ్య ఆగిపోతున్నాను.

నేను కోళ్ల ఫారంలో పని చేస్తాను. ఎనిమిదో తరగతిలో జంతువుల పాఠం సగంలో ఉండగా బడి మానేశాను. మిగతా సగం ఇక్కడ చదువుతున్నాననుకోండి. మాది గుడ్ల కోళ్లను గూళ్లలో పెట్టకుండా నేల మీద వదిలేసే షెడ్డు. మూడు వేల కోళ్లు. లోపల బల్బులన్నీ ఎర్రవే. చేరిన కొత్తలో, కోళ్లకు ఈ సోకు ఎందుకనుకున్నాను. ఎర్ర వెలుతురులో నెత్తురు కనబడదట. కనబడితే అవి ఆగవు.

గుడ్డు పెట్టేటప్పుడు ఒక్కోదానికి వెనక కాస్త చీరుకుంటుంది. పక్క కోడి చూసి ఒక పోటు పొడుస్తుంది. ఇంకోటి వస్తుంది. చూస్తుండగానే ఏదో ఒకటి పేగు అంచు ముక్కుతో పట్టుకుని పరిగెత్తుతుంది, దాని వెనక పది పరిగెత్తుతాయి. ఆ పేగుల కోడి మాత్రం అక్కడే నిలబడి కళ్లార్పుతూ ఉంటుంది. ఒకరోజు అలాంటిదే ఒకటి, వెనక నుంచి అవి లాగుతుంటే, ముందు దాణా తింటోంది.

పొద్దున్నే షెడ్డంతా తిరిగి చచ్చినవాటిని బకెట్లో వేయడం, గాయమైనవాటిని పట్టుకుని ఊదారంగు మందు పూయడం నా పని. మందు గాయాన్ని మాన్పడం సంగతి ఎలా ఉన్నా, ఎరుపును కప్పేస్తుంది. పొడిచేవాటికి ఎరుపు కనబడక వాటి దారిన అవి పోతాయి. మొదటి నెల ముద్ద నోటిదాకా వచ్చి వెనక్కి పోయేది. చేతులు ఎన్నిసార్లు కడిగినా ఆ వెచ్చటి వాసన గోళ్లలోనే ఉండేది.

మా అత్తయ్య లేవగానే దేవుడికి దణ్ణం పెట్టుకుంటుంది. చీమ దగ్గర్నుంచి ఏనుగు దాకా అన్నిటినీ ఆయనే చూసుకుంటాడంటుంది. ఒకరోజు ఉండబట్టలేక అడిగాను.

"మరి మా షెడ్డులో ఆయన డ్యూటీ ఏ పూట అత్తయ్యా?"

"నీకు నోరు బాగా పెరిగింది. కోళ్లకేం తెలుసే పాపం, పుణ్యం? తెలియనివాళ్లకు తప్పు అంటదు."

ఆ మాట నాకు కొన్నాళ్లు పనికొచ్చింది. బకెట్ మోసేటప్పుడు తెలియదు, తెలియదు అని మనసులో అనుకుంటూ మోసేదాన్ని. మా సూపర్‌వైజర్‌ని మేం ఈకల తాత అంటాం, ఆయన తలలో ఎప్పుడూ ఒక ఈకైనా ఉంటుంది. ఆయనా దాదాపు అదే అన్నాడు, కాకపోతే ఇంకో రకంగా.

"పొడిచే కోడికి కోపం ఉండదమ్మా. కోపమైతే కాసేపటికి తగ్గును."

గుడ్లు ట్రేల్లో సర్దే గది వెనక పిల్లల గది ఉంది. పనిచేసే ఆడవాళ్ల పిల్లలు ఆరుగురు అందులో ఉంటారు, చూసుకునే ముసలామె సగం పొద్దు కునుకుతుంటుంది. అందులో మాతో పనిచేసే పొడుగామె కూతురూ ఉండేది. మూడేళ్ల పిల్ల. తల మీద పుండ్లు లేచి, జుట్టు పొట్టిగా కత్తిరించారు. పుండ్లు ఎండి పక్కులు కట్టాయి.

ఆ రోజు పది గంటలప్పుడు నా కూతురికి మంచినీళ్లిద్దామని వెళ్లాను. గది చాలా నిశ్శబ్దంగా ఉంది. పిల్లలు గుండ్రంగా చేరి కూర్చున్నారు. మధ్యలో ఆ పిల్ల. నా కూతురు దాని తల వంచి పట్టుకుని, చూపుడువేలి గోరుతో పక్కు లేపుతోంది. మిగతావాళ్లు తమ వంతు కోసం చూస్తున్నారు. ఆ పిల్ల ఏడవడం లేదు. కళ్లార్పుతోంది.

నన్ను చూసి నా కూతురు నవ్వింది. బుగ్గ మీద సొట్ట పడింది.

"అమ్మా, కింద ఎర్రగా ఉంది చూడు."

ఎందుకు చేశావే అని అడిగితే, ఊడుతోంది కదా అంది. దాని మొహంలో కోపం లేదు, భయం లేదు. నాకు అసహ్యం వేసింది. కన్నబిడ్డ మీద. దాని గోరు కింద పసుపుపచ్చటి పొర ఇరుక్కుని ఉంది. కుళాయి దగ్గరికి ఈడ్చుకెళ్లి అది ఏడ్చేదాకా ఆ చెయ్యి తోమాను.

తిరిగొచ్చాక నా చేతులు తమకు వచ్చిన పనే చేశాయి. ఆప్రాన్ జేబులోంచి సీసా తీసి, ఆ పిల్ల తలంతా ఊదారంగు మందు పూశాను. నిజంగానే పిల్లలకు దాని మీద ధ్యాస పోయింది, లేచి ఖాళీ ట్రేలతో ఆడుకోసాగారు. ఒక్క నిమిషం, మంచి పని చేశాననే అనుకున్నాను.

పొడుగామె వచ్చి చూసింది. గొంతు పెంచలేదు.

"నా కూతురు కోడా? నీ పిల్ల గోళ్లు తియ్యకుండా నా పిల్లకి రంగు పూస్తావా?"

నిజమే. షెడ్డులో కూడా రంగు పొడిచేదానికి పూయం.

మర్నాడు టీ వేళకు ఆ పిల్లకు ఊదాకోడి అని పేరు పడిపోయింది. ఇవాళ గుడ్డు పెట్టిందా అని ఒకావిడ, పెడితే అదీ ఊదారంగేనా అని ఇంకొకావిడ. పొడుగామె గ్లాసు కింద పెట్టి లేచి వెళ్లిపోయేది. మూడో రోజు నేనూ నవ్వాను. ఆమె మీద నాకేం కోపం లేదు. అందరూ నవ్వారు, నవ్వొచ్చింది.

ఆ తర్వాత ఆమె పిల్లను తీసుకురావడం మానేసింది. ఇంట్లో చూసుకునేవాళ్లెవరూ లేరు. పొద్దున ఆరింటికి పిల్లను లోపల ఉంచి బయట తాళం వేసి వస్తోంది, రెండింటికి వెళ్లి తీస్తోంది. సెలవు రోజున రెండుసార్లు వాళ్లింటికి వెళ్లాను. పొడుగామె కిటికీలోంచి నన్ను చూసింది, తలుపు తీయలేదు. ఈకల తాతతో చెప్పుకుంటే, పొడుపులు తిన్న కోడిని విడిగా పెడితే గాయమైతే మానుతుంది గానీ అది మేత మానేస్తుంది అన్నాడు. ఆయన కోళ్ల గురించే అన్నాడు.

అత్తయ్య దణ్ణానికి పిలిస్తే ఇప్పటికీ వెళ్లి దేవుడి ముందు ఆమె పక్కన నిలబడుతున్నాను. నువ్వు లేవు అని ఆయనతో అనలేకపోతున్నాను, లేకపోతే ఈ రోత అంతా ఎవరికి చూపించాలి? కోడికి ముక్కిచ్చావు, నా బిడ్డకు గోరిచ్చావు, నాకు ఈ అసహ్యం ఇచ్చావు. కోడికి ఇవ్వనిది నాకిచ్చావంటే దేనికో ఇచ్చే ఉంటావు. మరి ఆ టీ వేళ నా నోరు మూయించేంత ఎందుకు ఇవ్వలేదు? వారానికి రెండుసార్లు నా కూతురి గోళ్లు తీస్తున్నాను. మొన్న సరదాగా వేలు చాపి, ఇది మర్చిపోయావు అంది. చర్మం దాకా తీశాను.

ఆరు నుంచి రెండు దాకా నేనూ పనిలోనే ఉంటాను. మీకు ఆ పొద్దు తీరిక ఉంటే, అట్టపెట్టెలమ్మే కొట్టు పక్క సందులోకి వెళ్లండి. మూడో ఇంటికి బయట మెట్లుంటాయి, పైన ఆకుపచ్చ తలుపు పొడుగామె వాళ్లది. కిటికీ ఒక రెక్క తెరిచే ఉంటుంది. నేను చెప్పానని అనకండి. పిల్లను పిలవండి. పలికేదాకా, తిన్నావా అని అడుగుతూ అక్కడే కాసేపు నిలబడండి.